ఒకే ప్రారంభ రేఖ, ఒకే ఫలితాల జాబితా: సాహస క్రీడల్లో ఇది న్యాయమేనా?

ప్రశ్న: దారిలెక్క

మేము కొందరం మిత్రులం కలిసి ఏటా ఒక కొండదారి పరుగు పోటీ నిర్వహిస్తున్నాము. దూరం 100 కిలోమీటర్లు, గడువు 24 గంటలు. కాబట్టి పాల్గొనేవారిలో చాలామంది ఒక రాత్రంతా హెడ్‌ల్యాంప్ వెలుగులోనే పరుగెత్తవలసి ఉంటుంది. మధ్యలో తాడు పట్టుకుని దిగవలసిన నిటారు రాతి వాలు ఒకటి ఉంది. స్త్రీలూ పురుషులూ ఒకేసారి బయలుదేరతారు, ఒకే దారిలో వెళతారు. బహుమతులు మాత్రం మొదటినుంచీ ఇలా ఉన్నాయి: మొత్తం మీద మొదటి ముగ్గురికి మూడు, వాటికి తోడు "ఉత్తమ మహిళ" అని ఒకటి.

గత పోటీలో ఒక మహిళ మొత్తం మీద నాలుగో స్థానంలో వచ్చారు. ఆమెకు "ఉత్తమ మహిళ" బహుమతి ఇచ్చాము. ఆమె తరువాత పదకొండు నిమిషాలకు చేరుకుని ఆరో స్థానంలో నిలిచిన మరో మహిళకు ఏమీ దక్కలేదు. కార్యక్రమం ముగిశాక నాలుగో స్థానంలో వచ్చినావిడ నన్ను పక్కకు పిలిచి, "మీరు నన్ను మగవాళ్లతో పోటీ పెట్టారా, ఆడవాళ్లతో పెట్టారా? మగవాళ్లతో అయితే నాలుగో స్థానానికి బహుమతి ఎందుకు ఇచ్చారు? ఆడవాళ్లతో అయితే నా తరువాత వచ్చినామెకు ఎందుకు ఇవ్వలేదు?" అని అడిగారు. నాకు జవాబు తోచలేదు.

ఇప్పుడు నియమావళి తిరగరాస్తున్నాము. మాలో ఒకరు, సాహసానికి ఆడా మగా తేడా లేదు కాబట్టి అందరికీ ఒకే జాబితా, ఒకే బహుమతులు ఉండాలంటున్నారు. మరొకరు రెండు పోటీలనూ పూర్తిగా విడదీసి వేర్వేరు రోజుల్లో జరపాలంటున్నారు. వయసులో అందరికంటే పెద్దవారైన మూడో ఆయన, సదుద్దేశంతోనే, స్త్రీలకు ఆ రాతి వాలు తప్పించి చుట్టుదారి చూపించాలంటున్నారు. పరుగులోనే కాకుండా ఇతర సాహస క్రీడల్లో ఈ ప్రశ్నకు ఎలాంటి జవాబులు దొరికాయో తెలిసినవారు చెబితే మాకు మేలు చేసినవారవుతారు.

జవాబు: సుదూరం

మిమ్మల్ని అడిగినావిడ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. కలిసి పోటీ పడడం అని మనం ఒక్క మాటలో అనేస్తున్నది నిజానికి మూడు విడి నిర్ణయాలు: దారి ఒకటేనా, బయలుదేరే సమయం ఒకటేనా, స్థానాలు లెక్కగట్టే జాబితా ఒకటేనా. మొదటి రెండింటికి అవుననీ, మూడోదానికి కాదనీ చెప్పడంలో వైరుధ్యం ఏమీ లేదు. మీ పాత నియమం మూడోదానికి అవుననీ కాదనీ ఒకేసారి చెప్పింది; చిక్కంతా అక్కడే వచ్చింది.

దూరం పెరిగేకొద్దీ స్త్రీలు పురుషులకు సమానమవుతారు, ఒక్కోసారి మించిపోతారు అనే వాదన మీ చర్చలో తప్పక వస్తుంది; బహుశా ఈపాటికే వచ్చి ఉంటుంది. దానికి చూపించే ఉదాహరణలు చిన్నవి కావు. 2019 జనవరిలో ఇంగ్లండ్ నుంచి స్కాట్లండ్ సరిహద్దు దాకా సాగే పెన్నైన్ వే అనే నడకదారి మీద జరిగిన స్పైన్ రేసులో జాస్మిన్ పారిస్ 268 మైళ్లను, అంటే సుమారు 430 కిలోమీటర్లను, 83 గంటల 12 నిమిషాల్లో ముగించి అందరికంటే ముందు నిలిచింది. అప్పటిదాకా ఉన్న రికార్డు కంటే అది 12 గంటలు తక్కువ. పైగా ఆమె చంటిబిడ్డ తల్లి కావడంతో మధ్య మజిలీల్లో ఆగి పాలు పిండుకుంటూ ఆ పరుగు పూర్తి చేసింది. అంతకుముందు 2017లో, అమెరికాలోని మొయాబ్ 240 పోటీలో కోర్ట్నీ డావాల్టర్ 58 గంటల లోపే గమ్యం చేరితే, రెండో స్థానంలో వచ్చిన పురుషుడు ఆమె తరువాత పది గంటలకు గానీ చేరలేదు. గంటకు ఒక చుట్టు చొప్పున, చివరికి ఒక్కరే మిగిలేదాకా సాగే బిగ్స్ బ్యాక్‌యార్డ్ పోటీలో 2019లో మిగిలిన ఆ ఒక్కరూ మ్యాగీ గుటర్ల్. ఆమె 60 చుట్లు తిరిగింది.

ఈ పేర్లు తలుచుకుంటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. అయినా వీటి ఆధారంగా మీ నియమం రాయవద్దు. వంద మీటర్ల నుంచి మారథాన్ వరకూ ప్రపంచ రికార్డులను పోల్చి చూస్తే స్త్రీ పురుషుల కాలాల మధ్య తేడా సుమారు 8 నుంచి 12 శాతం మధ్యలోనే ఉంటుంది. యుక్తవయసులో టెస్టోస్టెరాన్ ప్రభావం వల్ల పురుషుల గుండె పరిమాణం, రక్తంలోని హిమోగ్లోబిన్, కండరాల మోతాదు పెరగడమే దానికి మూలం. అది పట్టుదలతో పూడ్చగలిగిన తేడా కాదు. దూరం బాగా పెరిగినప్పుడు స్త్రీలకు అనుకూలించే అంశాలూ ఉన్నాయి: ఒకే స్థాయి శ్రమలో వారి శరీరం కొవ్వును ఎక్కువ పాళ్లలో ఇంధనంగా వాడుకుంటుంది కనుక కండరాల్లోని గ్లైకోజెన్ (పిండిపదార్థపు ఇంధనం) నిల్వ త్వరగా ఖర్చు కాదు, మారథాన్‌లలో చూసినా రెండో సగంలో వేగం పడిపోవడం స్త్రీలలో తక్కువ. నిద్రలేమిని ఓర్చుకోవడం, కడుపు చెడకుండా తినగలగడం, చీకట్లో దారి తప్పకపోవడం వంటివి ఫలితాన్ని నిర్ణయించే చోట కాళ్ల బలం వాటా సహజంగానే తగ్గుతుంది.

అయితే అగ్రశ్రేణి క్రీడాకారులు పెద్ద సంఖ్యలో వచ్చే 100 మైళ్ల పోటీల్లో తేడా మాయం కాలేదు. వెస్టర్న్ స్టేట్స్‌లో 2023లో డావాల్టర్ నెలకొల్పిన 15 గంటల 29 నిమిషాల మహిళల రికార్డు అసాధారణమైనది; దానితో ఆమె మొత్తం మీద ఆరో స్థానంలో నిలిచింది. అదే దారిలో 2019లో జిమ్ వామ్‌స్లీ సాధించిన పురుషుల రికార్డు 14 గంటల 9 నిమిషాలు. లెక్క వేస్తే తేడా 9 శాతం పైచిలుకు, అంటే పైన చెప్పిన 8 నుంచి 12 శాతం లోపలే. మరి స్పైన్, మొయాబ్ ఫలితాల మాటేమిటి? అక్కడ పాల్గొనేవారు తక్కువ. అలాంటి పోటీకి సిద్ధపడి వచ్చే కొద్దిమంది స్త్రీలు ఎంతో వడపోత దాటి వచ్చినవారు, పురుషుల్లో సరదాగా ప్రయత్నించేవారూ ఉంటారు. సగటులు పోల్చి స్త్రీలే మెరుగని తేల్చేవారు ఈ వడపోతను లెక్కలోకి తీసుకోరు. దీనివల్ల జాస్మిన్ పారిస్ గెలుపు విలువ ఒక్క నిమిషం కూడా తగ్గదు. దానిని సూత్రంగా మార్చి, ఇక మీకు వేరే జాబితా ఎందుకని మిగతా స్త్రీలను అడగడమే తప్పు.

మీ 100 కిలోమీటర్ల పోటీలో వేగమే ప్రధానం. దారి ఒకటి, సమయం ఒకటి, జాబితాలు రెండు; రెండింటికీ సమానంగా మూడేసి బహుమతులు. మొత్తం మీద స్థానం తెలుసుకోవాలనుకునేవారి కోసం ఉమ్మడి జాబితాను కూడా ప్రకటించండి, కానీ దానికి బహుమతి కట్టవద్దు.

జవాబు: రాతిపట్టు

సుదూరం గారు పరుగు గురించి చెప్పినది పరుగుకు సరిపోతుంది. సాహస క్రీడలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను చాలా ఏళ్లుగా బండలు ఎక్కుతున్నాను.

కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో ఎల్ కాపిటన్ అనే సుమారు 900 మీటర్ల ఎత్తైన శిల మీద "ది నోస్" అనే దారి ఉంది. 1958లో దానిని మొదటిసారి ఎక్కినవారు మేకులు కొట్టి, వాటికి వేలాడుతూ ఎక్కారు. తాడును పడిపోకుండా కాపాడుకోవడానికి మాత్రమే ఉంచుకుని, ఎక్కడానికి చేతులూ కాళ్లే వాడడాన్ని ఫ్రీ క్లైంబింగ్ అంటారు. ఆ పద్ధతిలో ది నోస్‌ను మొట్టమొదట ఎక్కిన మనిషి లిన్ హిల్. 1993లో నాలుగు రోజుల్లో ఎక్కింది, మరుసటి ఏడాది తిరిగి వచ్చి 24 గంటల లోపే ముగించింది. మొదటి మహిళ అని అనలేదు, మొదటి మనిషి అన్నాను. అప్పటికే ఎందరో గట్టి పురుషులు ప్రయత్నించి వదిలేసిన దారి అది.

ఆమె వేళ్లు సన్నగా ఉండడం వల్లనే ఆ ఇరుకు పగుళ్లలో పట్టు దొరికిందని అప్పట్లో కొందరు అన్నారు. కావచ్చు. ఆమె ఎత్తు సుమారు అయిదడుగుల రెండంగుళాలే కనుక, పొడవాటి చేయి చాపి అందుకోవలసిన ప్రతి చోటా ఆమె నష్టపోయింది కూడా. ఆరడుగుల మనిషి చేయి చాపి ఒక పట్టు అందుకున్నప్పుడు, అది అతని ఎత్తు చేసిన పని, అతనిది కాదని ఎవరైనా అనగా నేను ఇంతవరకూ వినలేదు.

అదే క్రీడలో మరో కొస చూడండి. వేగంగా గోడ ఎక్కే పోటీలో 15 మీటర్ల గోడ మీద పట్టుల అమరిక ప్రపంచమంతటా ఒకటే, స్త్రీలకూ పురుషులకూ ఒకటే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సామ్ వాట్సన్ 4.74 సెకన్లలో, అలెక్సాండ్రా మిరోస్లా 6.06 సెకన్లలో ఎక్కి ప్రపంచ రికార్డులు నెలకొల్పారు. అంత పేలుడు శక్తి కావలసిన చోట ఒకే జాబితా పెడితే మిరోస్లా పేరు ఎవరికీ తెలిసేది కాదు. నీటిలో కదలకుండా ఊపిరి బిగబట్టే పోటీలో స్తెఫాన్ మిఫ్సూద్ 2009లో 11 నిమిషాల 35 సెకన్లు ఉంటే, నతాలియా మొల్చనోవా 2013లో 9 నిమిషాల 2 సెకన్లు ఉంది. అక్కడ ఊపిరితిత్తుల పరిమాణం నేరుగా లెక్కకు వస్తుంది. కాబట్టి నిర్వాహకుడు వేసుకోవలసిన ప్రశ్న, ఈ పోటీ ఏమి కొలుస్తోంది అన్నదే. కొలిచేది శరీరపు ఇంజిన్‌ను అయితే రెండు జాబితాలు పెట్టాలి. ఒక సమస్యకు పరిష్కారం కనిపెట్టడాన్ని అయితే, మొదట కనిపెట్టినవారి పేరు ఒక్కచోటే రాయాలి.

ఇక ఆ రాతి వాలు. మీ పెద్దాయనకు నమస్కారం చెప్పి ఈ మాట చెప్పండి: తాడు పట్టుకుని దిగేటప్పుడు ప్రమాదం తెచ్చేవి అలసట, తడి రాయి, తాడు పట్టడం తెలియకపోవడం, పైనుంచి మరొకరు దొర్లించే రాళ్లు. ఈ నాలుగింటిలో ఏదీ మనిషి ఆడా మగా అని చూడదు. చుట్టుదారి పెట్టదలిస్తే దిగడం రానివారందరికీ పెట్టండి, దానికి తగిన సమయపు జరిమానా కలపండి. మొదటి రోజు ఒక చిన్న బండ దగ్గర అందరి చేతా దిగించి చూడడం ఇంకా మంచిది.

జవాబు: మంచువాలు

పెద్దాయన మాటను సదుద్దేశం అని మీరు రాశారు. కాదనను. కానీ ఆ సదుద్దేశానికి పెద్ద చరిత్ర ఉంది, అది తెలిసి ఉండడం మంచిది.

స్కీ జంపింగ్‌లో పురుషులు 1924లో జరిగిన మొదటి శీతాకాల ఒలింపిక్స్ నుంచే ఉన్నారు. స్త్రీలకు చోటు దొరికింది 2014లో, సోచిలో. ఆ తొంభై ఏళ్లలో వినిపించిన సాకుల్లో ఒకటి, దూకి నేల మీద దిగే అదురు స్త్రీ శరీరానికి వైద్యపరంగా తగదన్నది. 2010 వాంకూవర్ ఒలింపిక్స్ కోసం కట్టిన విస్లర్ చిన్న కొండ మీద ఆటలకు ముందు అతి దూరం దూకిన రికార్డు లిండ్సే వాన్ అనే మహిళ పేరిట ఉంది. ఆ ఆటల్లో దూకే అవకాశం మాత్రం ఆమెకు లేదు. ఆమె, మరికొందరు కోర్టుకు వెళ్లారు. వివక్ష జరుగుతోందని 2009లో న్యాయమూర్తి ఒప్పుకుంటూనే, అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిర్ణయాన్ని మార్చే అధికారం కెనడా చట్టానికి లేదని తేల్చారు. ఈ పేరును లిండ్సే వాన్ అనే మరో స్కీ క్రీడాకారిణి పేరుతో కలపకండి. తెలుగులో ఇద్దరినీ ఒకేలా రాయవలసి వస్తుంది. కొండవాలు స్కీయింగ్ ఛాంపియన్ అయిన ఆ రెండో ఆమె 2012లో లేక్ లూయిస్ వద్ద పురుషుల పోటీలో దిగుతానని అడిగితే అంతర్జాతీయ సమాఖ్య ఒప్పుకోలేదు.

పెద్ద అలల సర్ఫింగ్‌లోనూ ఇదే. హవాయిలోని వైమియా తీరంలో అలలు తగినంత ఎత్తు లేచిన ఏడాది మాత్రమే జరిగే ఎడ్డీ ఐకావ్ పోటీలో స్త్రీలు మొదటిసారి పురుషులతో కలిసి అల ఎక్కింది 2023 జనవరిలో. అప్పటికే 2020 ఫిబ్రవరిలో పోర్చుగల్‌లోని నజారేలో మాయా గబేరా 73.5 అడుగుల అలను స్వారీ చేసింది. ఆ సీజన్‌లో ప్రపంచంలో ఎవరు ఎక్కిన అలకంటేనూ అది పెద్దది. 2013లో అదే తీరంలో ఆమె మునిగి స్పృహ కోల్పోయింది, ఒడ్డుకు చేర్చి ఊపిరి పోయవలసి వచ్చింది. అలాంటి ప్రమాదాల తరువాత తిరిగి అదే నీటిలోకి దిగిన పురుషుడిని ధీరుడంటారు.

ఇంత చెప్పాక, ఒకే జాబితా వాదానికి కూడా నేను వ్యతిరేకినే. సాహస క్రీడ కాకపోయినా ఒక ఉదాహరణ చెబుతాను. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్కీట్ షూటింగ్, అంటే గాల్లోకి విసిరిన పలకలను తుపాకీతో కొట్టే పోటీ, స్త్రీ పురుషులందరికీ ఉమ్మడిగా జరిగింది. చైనాకు చెందిన జాంగ్ షాన్ స్వర్ణం గెలిచింది. 1996లో స్కీట్ పురుషులకు మాత్రమే పరిమితమైంది. గెలిచినావిడకు తన పతకాన్ని నిలబెట్టుకునే పోటీయే లేకుండా పోయింది. స్త్రీల స్కీట్ 2000లో గానీ రాలేదు. ఉమ్మడి పోటీ ఒక్కటే ఉన్న చోట, దానిని తీసేసిన రోజు స్త్రీలకు ఏమీ మిగలదు. సొంత విభాగం అంటూ ఉంటే అది నియమావళిలో రాసి ఉంటుంది, తీసేయాలంటే ఎవరో ఒకరు సంతకం పెట్టాలి.

జవాబు: తెరచాప

కండబలాన్ని యంత్రమో గాలో సమం చేసే క్రీడలు ఉన్నాయని ఎవరూ అనలేదు గనుక రెండు మాటలు.

డకార్ ర్యాలీని కార్ల విభాగంలో 2001లో యుట్టా క్లైన్‌ష్మిట్ గెలిచింది. 1982లో ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో మిషెల్ మూటన్ మూడు ర్యాలీలు గెలిచి రెండో స్థానంలో నిలిచింది. అలాస్కాలో సుమారు వెయ్యి మైళ్లు సాగే ఇడిటరాడ్ కుక్కబండి పందెం 1985లో లిబ్బీ రిడిల్స్ గెలిస్తే, ఆ తరువాత మూడేళ్లు వరుసగా, మళ్లీ 1990లో సూసన్ బుచర్ గెలిచింది. వీటిలో మహిళల జాబితా అనేదే లేదు, అవసరం కూడా రాలేదు.

నాకు దగ్గరి ఉదాహరణ గోల్డెన్ గ్లోబ్ రేసు. 1968 నాటి పరికరాలతో, ఉపగ్రహాల సాయంతో దారి చూసుకోకుండా, ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి రావాలి. 2022 సెప్టెంబరులో ఫ్రాన్స్ తీరం నుంచి 16 మంది బయలుదేరితే పందెం నియమాల ప్రకారం ముగించింది ముగ్గురే. దక్షిణాఫ్రికాకు చెందిన కిర్‌స్టెన్ నోయ్‌షేఫర్ 235 రోజుల్లో మొదట వచ్చింది. రెండో స్థానం మన నావికాదళ మాజీ అధికారి అభిలాష్ టామీది. దారిలో, హిందూ మహాసముద్రంలో, పడవ మునిగిపోయిన తోటి పోటీదారు తపియో లెహ్తినెన్ కోసం ఆమె తన మార్గం వదిలి వెళ్లి అతనిని కాపాడింది, ఒక ఓడకు అప్పగించి మళ్లీ పందెంలో కలిసింది. కొలిచేది అలాంటి నేర్పు అయినప్పుడు జాబితాను విడగొట్టడం అనవసరం.

అయితే ఇక్కడ వివక్ష జాబితాలో కాక రేవులో ఉంటుంది. పడవకు డబ్బు పెట్టేవారు ఎవరు, నేర్చుకునే రోజుల్లో పెద్ద నావలో చోటు ఇచ్చేవారు ఎవరు అన్నవే అసలు వడపోతలు. ఒంటరిగా, ఆగకుండా భూమిని చుట్టే మరో పడవ పందెం వాందే గ్లోబ్. 2020లో మొదలైన దాని పోటీలో 33 మందిలో స్త్రీలు ఆరుగురు. ఆ పందెం చరిత్రలో అప్పటికి అదే ఎక్కువ. 2021లో మొదలైన ఎక్స్‌ట్రీమ్ ఈ అనే విద్యుత్ కార్ల పోటీ ప్రతి జట్టులోనూ ఒక పురుషుడు, ఒక స్త్రీ ఉండాలని, ఇద్దరూ సమానంగా నడపాలని నియమం పెట్టింది. కృత్రిమమైన నియమం అని ముఖం చిట్లించినవారిలో నేనూ ఒకణ్ని. కానీ జట్టు గెలవాలంటే స్త్రీకి కూడా సరైన కారు, సరైన సాధన సమయం ఇవ్వక తప్పని స్థితి దానివల్లే వచ్చిందని తరువాత ఒప్పుకున్నాను.

జవాబు: లెక్కలమాస్టారు

ఒక సందేహం. మీ పోటీకి స్త్రీలు ఎంతమంది వస్తున్నారు? రెండు వందల మంది పురుషుల్లో మొదటి ముగ్గురికీ, పన్నెండు మంది స్త్రీలలో మొదటి ముగ్గురికీ ఒకే బహుమతి ఇవ్వడం ఏ విధంగా సమానం? నేను అడుగుతున్నది గిట్టక కాదు. పన్నెండు మందిలో మూడో స్థానం రావడానికీ రెండు వందల మందిలో మూడో స్థానం రావడానికీ కావలసిన శ్రమ ఒకటి కాదని లెక్క చెబుతోంది.

జవాబు: సుదూరం

మాస్టారు గారూ, మీ లెక్క తప్పు కాదు. దానితో కొలవవలసినది వేరు. బహుమతి స్థానానికి ఇస్తున్నాము, ఓడించిన తలల సంఖ్యకు కాదు. వాన పడి పురుషులు సగం మందే వచ్చిన ఏడాది వారి బహుమతి సగానికి తగ్గించరు కదా. ప్రపంచ సర్ఫ్ లీగ్‌లో స్త్రీల సంఖ్య పురుషులకంటే బాగా తక్కువ. అయినా 2019 నుంచి గెలిచినవారికి ఇద్దరికీ ఒకే మొత్తం ఇస్తున్నారు. సంఖ్య పెరిగాక బహుమతి పెంచుతామంటే సంఖ్య పెరగదు.

మీ మాటలో నేను తీసుకునేది ఒకటి ఉంది. పాల్గొనే స్త్రీలు ముగ్గురో నలుగురో అయితే మూడు బహుమతులు పంచడం పరిహాసంగా ఉంటుంది, అందుకున్నవారికే ఇబ్బందిగా ఉంటుంది. అలాంటప్పుడు ముగించినవారి సంఖ్యను బట్టి రెండు జాబితాలకూ ఒకే సూత్రం పెట్టవచ్చు. ఆ సూత్రం పురుషులకు కూడా వర్తించాలి.

గడువు సంగతి కూడా చెప్పాలి. స్త్రీలకు గడువు పొడిగించమని ఎవరైనా అడిగితే ఒప్పుకోవద్దు. అమెరికాలోని బార్క్‌లీ మారథాన్స్‌లో అయిదు చుట్లకు 60 గంటల గడువు. స్త్రీలు ఎవరూ దానిని ముగించలేరని దానిని మొదలుపెట్టినాయనే బాహాటంగా అనేవాడు. 2024 మార్చిలో జాస్మిన్ పారిస్ 59 గంటల 58 నిమిషాల 21 సెకన్లలో, గడువుకు 99 సెకన్ల ముందు, గేటు తాకి కూలబడింది. ఆమెకు గడువు 61 గంటలు అయి ఉంటే, ఆ ఫలితం గురించి ఈనాటికీ ఎవరో ఒకరు గొణుగుతూనే ఉండేవారు.

జవాబు: మజిలీ

నేను పరుగెత్తను. ఇలాంటి పోటీల్లో మజిలీల దగ్గర రాత్రంతా కూర్చుని నీళ్లు, కట్లు అందించే పని చేస్తాను. బహుమతుల గురించి అందరూ చెప్పారు కాబట్టి అక్కడ కూర్చుని చూసినవి చెబుతాను.

నలభై కిలోమీటర్ల దారిలో ఒక్క మరుగుదొడ్డి లేని పోటీలు చూశాను. పురుషులకు చెట్టు చాలు. నెలసరిలో ఉన్న స్త్రీ మరుగు కోసం హెడ్‌ల్యాంప్ ఆర్పి దారి వదిలి చీకట్లోకి వెళ్లవలసి వస్తే, మీ రాతి వాలు కంటే పెద్ద ప్రమాదం అదే. దీనికి భయపడి గంటల తరబడి నీళ్లు తాగడం మానేసినవారిని నేను పడుకోబెట్టి చూసుకున్నాను. వేరే జాబితా ఇచ్చి, ఇది ఇవ్వకపోతే ఏం లాభం?

రెండోది, గర్భం. గాయపడినవారి ప్రవేశాన్ని వచ్చే ఏటికి మార్చి, గర్భిణులకు మాత్రం ఆ వీలు ఇవ్వని నియమాలు చాలాకాలం పెద్ద పోటీల్లోనే ఉన్నాయి. 2018లో ఆల్ప్స్‌లో జరిగే యూటీఎంబీ అనే కొండదారి పరుగు పోటీ మధ్యలో, కూర్మాయోర్ మజిలీలో మూడు నెలల బిడ్డకు పాలిస్తున్న సోఫీ పవర్ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. అంతకు నాలుగేళ్ల ముందు గర్భం వల్ల తన చోటు పోగొట్టుకున్న ఆమె, మరోసారి పోగొట్టుకోలేక ఆ స్థితిలో బయలుదేరింది. ఆ పోటీ తరువాత తన నియమం మార్చుకుంది. మీరు ఫోటో దాకా ఆగకండి.

మూడోది చిన్నది. మొత్తం మీద గెలిచినాయన కోసం గమ్యం దగ్గర రిబ్బన్ కడతారు, ఆయన తెంపుతాడు, అందరూ చప్పట్లు కొడతారు. స్త్రీలలో గెలిచినావిడ వచ్చేసరికి రిబ్బన్ నేల మీద ఉంటుంది, ఫోటో తీసేవాడు టీ తాగుతుంటాడు. రెండో రిబ్బన్‌కు పెద్ద ఖర్చు కాదు.

ప్రశ్న అడిగినవారు: దారిలెక్క

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు మా సమావేశంలో చదివి వినిపించాను. పెద్దాయన స్కీ జంపింగ్ సంగతి విన్నాక కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, బండ దగ్గర అందరి చేతా దిగించి చూసే పని తానే చూసుకుంటానన్నారు. వేర్వేరు రోజుల్లో జరపాలన్న ప్రతిపాదన నిలవలేదు. ఒకే జాబితా కోరిన మిత్రుడు మాత్రం ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. మా పోటీ దూరం ఏదో ఒకనాడు 400 కిలోమీటర్లు అయితే మళ్లీ అడుగుతానంటున్నాడు.

ముసాయిదా ఇలా వచ్చింది. ఒకే దారి, ఒకే సమయం, ఒకే గడువు. రెండు విభాగాలు, రెండింటికీ సమానమైన బహుమతులు. ఏ విభాగంలోనైనా ముగించినవారు ఆరుగురికంటే తక్కువైతే ఒక్క బహుమతే. ఉమ్మడి స్థానాలు కూడా ప్రకటిస్తాము, వాటికి బహుమతి ఉండదు. ప్రతి పది కిలోమీటర్లకు ఒక మరుగుదొడ్డి. గర్భిణులకు, బాలింతలకు ప్రవేశాన్ని రెండేళ్ల వరకూ వాయిదా వేసుకునే వీలు. రిబ్బన్లు రెండు.

దీనిని నాలుగో స్థానంలో వచ్చినావిడకు పంపాను. ఆమె ఒక్క సవరణ అడిగారు. మేము విభాగాల పేర్లు "ప్రధాన విభాగం", "మహిళల విభాగం" అని రాశాము. రెండోది మహిళల విభాగం అయినప్పుడు మొదటిదాన్ని "పురుషుల విభాగం" అనే రాయమన్నారు. రాశాము.